ఆకురాయి పట్టిన చేతికి లెక్కలెందుకు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "మార్కులు తక్కువొచ్చాయి, వీణ్ణి ఐ.టి.ఐ.లో వేద్దాం." ఈ మాట అనేవారిలో ఐ.టి.ఐ. వర్క్‌షాపులోకి తొంగిచూసినవారు తక్కువ. మనం ఒకసారి లోపలికి వెళ్దామా?

ఫిట్టర్ ట్రేడులో చేరిన విద్యార్థికి మొదట్లో ఇచ్చేవి ఒక ఉక్కుముక్క, ఒక ఆకురాయి. ముక్కను వైస్‌లో బిగించి, దాని ముఖాలు చదునుగా, మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండేట్లు అరగదీయాలి. ఇంతేనా అనిపిస్తుంది గదూ? చేసి చూడండి! నెట్టేటప్పుడు ఆకురాయి ఊయలలా ఊగుతుంది. అంచులు అరిగిపోయి నడుమ ఉబ్బెత్తుగా మిగులుతుంది. మూలమట్టాన్ని ముక్కకు ఆనించి వెలుగుకెదురుగా పట్టుకొంటే సందుల్లోంచి వెలుతురు కనిపించి గుట్టు బయటపడుతుంది. ఇంకా నిశితంగా చూడాలంటే, సర్ఫేస్ ప్లేటు అనే చదునైన బల్ల మీద నీలిరంగు పలచగా పూసి, ముక్కను దానిపై మెల్లగా జరుపుతారు. ఎత్తుగా ఉన్న చోట్లకే రంగు అంటుతుంది. ఆ చోట్లను మాత్రమే మళ్లీ గీకాలి.

ఇక కొలత. వెర్నియర్ కాలిపర్స్‌లో 49 మిల్లీమీటర్ల పొడవును 50 సమభాగాలు చేస్తారు. ఒక్కో భాగం 0.98 మి.మీ. పక్కనున్న ప్రధాన స్కేలు విభాగం 1 మి.మీ. రెండింటి తేడా 0.02 మి.మీ. ఈ తేడా వల్లనే అంత సూక్ష్మమైన కొలతను కంటితో చదవగలుగుతున్నాం.

అన్నింటికన్నా తమాషా అయినది వేడి సంగతి. రాపిడికి ముక్క వేడెక్కుతుంది. 100 మి.మీ. ఉక్కు 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాదాపు 0.012 మి.మీ. సాగుతుంది. మైక్రోమీటరు 0.01 మి.మీ. దాకా చూపిస్తుంది. వేడిమీద సరిపోయిన ముక్క చల్లారాక పొట్టిదైపోతుందన్నమాట! వ్యాకోచం పాఠాన్ని పరీక్షకోసం బట్టీ పట్టినవారికి ఇక్కడ పని చెడుతుంది.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లు, వెల్డర్ ఏడాది. అమ్మాయిలూ చేరవచ్చు. తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో కర్మాగారంలో పని నేర్చుకోవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా సాధారణంగా మూడేళ్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాలీసెట్ రాసి చేరాలి. అక్కడ డ్రాయింగు, పరీక్షించడం, పని చేయించడం ఎక్కువ. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరవచ్చు. కనుక ఈ దారిలో వెళ్తే పైచదువు మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు.

భయపడవలసింది మరొకదానికి. బోర్డు ఒకటే అయినా అన్ని వర్క్‌షాపులూ ఒకటి కావు. చేరబోయే ఐ.టి.ఐ.కి గుర్తింపు ఉందా? లేతు యంత్రాలు నడుస్తున్నాయా, దుప్పటి కప్పుకొని నిద్రపోతున్నాయా? ఒక్కో యంత్రానికి ఎంతమంది విద్యార్థులు? ఫీజు కట్టకముందే వెళ్లి చూడండి. రెండో ఏడు చదువుతున్న విద్యార్థి నడిగి, తాను చేసిన ముక్కొకటి చూపించమనండి. వెంట ఒక మూలమట్టం ఉంటే మరీ మంచిది.