తెలుగు వెబ్‌పుట పాఠం - పాత బ్రౌజర్లు కల్పించిన రూపభేదాలు

వ్యాససంగ్రహం

ముద్రిత పుటకు ఉన్నటువంటి స్థిరరూపం వెబ్‌పుటకు లేదు. నిల్వలో ఉన్న సంకేతాలు, వాటికి తగిన ఫాంటు, వాటిని తెరమీద అమర్చే బ్రౌజరు - ఈ మూడూ కలిసినప్పుడే పాఠం ఏర్పడుతుంది. తొలినాటి తెలుగు వెబ్‌పుటలను ఆకరాలుగా స్వీకరించేటప్పుడు ఈ మూడింటిలో ఏది లోపించినా పరిశోధకునికి కనిపించేది అసలు పాఠం కాదు. 1990ల చివరినుంచి వాడుకలో ఉన్న ప్రధాన బ్రౌజర్ల పనితీరు తెలుగు పాఠాన్ని, పుట అమరికను ఎలా మార్చిందో, అటువంటి పుటలను ఉదాహరించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: వెబ్‌పుట, బ్రౌజరు, ఫాంటు, యూనికోడు, క్వర్క్స్ మోడ్, పాఠపరిష్కరణ

1. ఉపోద్ఘాతం

తాళపత్రాలను పరిష్కరించే పండితుడు ప్రతిలో ఉన్న ప్రతి అక్షరాన్నీ కవికి ఆపాదించడు. లేఖకుని అలవాట్లు, ప్రతి పుట్టిన ప్రాంతం, ఆ కాలపు లిపి తీరు తెలుసుకున్న తరువాతే ఏది కవిపాఠమో, ఏది లేఖకదోషమో నిర్ణయిస్తాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ప్రకటించడానికి ముందు అనేక ప్రతులను సేకరించి పోల్చి చూడవలసివచ్చింది.

వెబ్‌పుట విషయంలో లేఖకుని స్థానం బ్రౌజరుది. సర్వరునుంచి వచ్చేది అంకెల వరుస మాత్రమే. దానిని అక్షరాలుగా, పంక్తులుగా, నిలువు వరుసలుగా పాఠకుని ఎదుట అప్పటికప్పుడు రాసిపెట్టేది బ్రౌజరు. ఈ లేఖకుడు ఏడాదికోసారి తన పద్ధతి మార్చుకుంటాడు. పాత పద్ధతిని కొన్నాళ్లకు పూర్తిగా మరచిపోతాడు. కనుక 1999నాటి పుటను నేటి బ్రౌజరులో తెరవడమంటే, ఆనాటి లిపి తెలియని లేఖకుని చేత ఆ ప్రతికి నకలు తీయించడమే.

2. ఫాంటే లిపిగా చెలామణి అయిన కాలం

యూనికోడు తొలి రూపం 1991లో వెలువడింది. అందులో తెలుగుకు చోటు లభించింది. భారతీయ లిపులకు ఇస్కీ అనే ప్రమాణం కూడా అదే సంవత్సరం భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. అయినప్పటికీ 1990ల చివర తెలుగు వెబ్‌సైట్లు ఈ రెంటిలో దేనినీ ఆశ్రయించలేకపోయాయి. పాఠకుల కంప్యూటర్లలో వాటిని చూపగల వ్యవస్థ లేకపోవడమే కారణం. ఈనాడు, వార్త వంటి దినపత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో వెబ్‌లోకి వచ్చాయి.

ఈ ఫాంట్లు పనిచేసే తీరు తెలిస్తే తరువాతి చిక్కులన్నీ అర్థమవుతాయి. ఒక్కొక్క ఫాంటులో 256 స్థానాలుండేవి. ఆంగ్ల అక్షరాలు, యూరోపియన్ భాషల గుర్తులు ఉండవలసిన స్థానాలలో తెలుగు తలకట్లు, కొమ్ములు, వత్తులు, అక్షరాల ముక్కలు పేర్చేవారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఫాంటు తయారుచేసినవారి ఇష్టం. ఒక పత్రిక ఫాంటులో 'క' ఉన్న చోట మరో పత్రిక ఫాంటులో ఏత్వం ఉండవచ్చు. బ్రౌజరు దృష్టిలో మాత్రం అది తెలుగే కాదు; అర్థం లేని ఆంగ్ల అక్షరాల వరుస.

పాఠకుడు ఫాంటును దించుకుని స్థాపించుకోనక్కరలేకుండా 1997లో రెండు పరిష్కారాలు వచ్చాయి. నెట్‌స్కేప్ 4 ట్రూడాక్ పద్ధతిని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 ఈఓటీ అనే పద్ధతిని ప్రవేశపెట్టాయి. రెండింటిలోనూ ఫాంటు పుటతోపాటే వచ్చేది. కానీ ఒకదాని ఫాంటు మరొకదానికి పనికిరాదు. 2000లో వచ్చిన నెట్‌స్కేప్ 6 ట్రూడాక్‌ను వదిలివేసింది. ఈఓటీని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప మరే ప్రధాన బ్రౌజరూ స్వీకరించలేదు. ఆ విధంగా ఫలానా బ్రౌజరులోనే చూడండి అన్న సూచన తెలుగు పుటల విషయంలో అలంకారప్రాయం కాలేదు. మరో బ్రౌజరులో చూసేవారికి, ఫాంటు విడిగా స్థాపించుకుంటే తప్ప, అక్కడ తెలుగే లేదు.

ఫాంటు ఉన్నా చిక్కులు తప్పేవి కావు. పశ్చిమ యూరోపియన్ సంకేతపట్టికలో 160వ స్థానం విడిపోని ఖాళీకి, 173వ స్థానం మృదు హైఫన్‌కు చెందినవి. మృదు హైఫన్ పంక్తి చివర అవసరమైతేనే కనిపించాలన్నది నియమం. ఆ స్థానంలో ఏదైనా వత్తును గాని గుణింతపు గుర్తును గాని ఉంచిన ఫాంటుతో కూర్చిన పుటను, ఆ నియమాన్ని పాటించే బ్రౌజరులో తెరిస్తే ఆ గుర్తు మాయమవుతుంది. అటువంటి పుటలో కనిపించే 'అక్షరదోషం' రచయితదీ కాదు, అక్షరకూర్పు చేసినవారిదీ కాదు. అలాగే హైఫన్ వంటి విరామచిహ్నాల స్థానంలో అక్షరభాగం ఉంటే బ్రౌజరు అక్కడే పంక్తిని విరిచి, అక్షరాన్ని ఒక పంక్తిలో, దాని వత్తును మరో పంక్తిలో వేయగలదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది మరొకటి ఉంది. నేటి సర్వర్లు అనేకం ప్రతి పుటనూ యూటీఎఫ్-8గా ప్రకటిస్తాయి. పాత ఫాంటుతో కూర్చిన పుటలో 127కు పైనున్న సంకేతాలు ఆ పద్ధతిలో చెల్లవు. బ్రౌజరు వాటి స్థానంలో ప్రశ్నార్థకంతో కూడిన వజ్రాకారపు గుర్తు వేస్తుంది. తెరమీది పాఠాన్ని ఆ స్థితిలో నకలు తీసి దాచుకుంటే వేర్వేరు అక్షరభాగాలన్నీ ఒకే గుర్తుగా మారిపోతాయి. ఆ నకలునుంచి అసలు పాఠాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

ఫైర్‌ఫాక్స్‌కు అనుబంధంగా వచ్చిన 'పద్మ' అనే ఉపకరణం ఈ పుటలను చూస్తున్నప్పుడే యూనికోడులోకి మార్చి చూపేది. తెలుగు పాఠకులకు అది చేసిన మేలు తక్కువది కాదు. అయితే 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా అనుబంధాలన్నిటికీ స్వస్తి పలికింది. పుట అలాగే ఉన్నా దానిని చదివించే సాధనం బ్రౌజరు మార్పుతో చేజారడానికి ఇదొక ఉదాహరణ.

3. పుట అమరిక: క్వర్క్స్ మోడ్

అక్షరం తరువాత చూడవలసినది అమరిక. ఒక వార్త పుటలో పైన ఉన్నదా, పక్క వరుసలో ఉన్నదా, ఏ శీర్షిక పక్కన ఏ చిత్రం ఉన్నది అనే అంశాలమీద మాధ్యమ అధ్యయనాలు ఆధారపడుతుంటాయి. ఇక్కడ కూడా బ్రౌజరు సాక్ష్యాన్ని తారుమారు చేయగలదు.

ఒక పెట్టె వెడల్పు 300 పిక్సెళ్లని, ఇరువైపులా లోపలి ఖాళీ 20 చొప్పున, గీత మందం 5 చొప్పున అని పుటలో రాశారనుకుందాం. సీఎస్‌ఎస్ ప్రమాణం ప్రకారం 300 అన్నది పాఠానికి దక్కే వెడల్పు. ఖాళీలు, గీతలు దానికి అదనం. పెట్టె మొత్తం 350. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం 300లోనే అన్నిటినీ ఇమిడ్చి పాఠానికి 250 పిక్సెళ్లే మిగిల్చేది. విచిత్రమేమంటే సామాన్యవ్యవహారానికి దగ్గరగా ఉన్నది ఈ రెండవ లెక్కే. తరువాతి కాలంలో ప్రమాణకర్తలే దానిని ఐచ్ఛికంగా అనుమతించారు.

2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ప్రమాణాన్ని అంగీకరించింది. కానీ పాత పుటలు చెదిరిపోకూడదు. అందుకు అనుసరించిన ఉపాయం పుట మొదటి పంక్తిని చూడటం. అక్కడ తగిన డాక్‌టైప్ ప్రకటన ఉంటే ప్రమాణరీతి, లేకపోతే పాత రీతి. ఈ పాత రీతికే క్వర్క్స్ మోడ్ అని పేరు. దీనిని మొదట అమలుచేసినది 2000లో మెకింటాష్ కోసం విడుదలైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5. నేటి బ్రౌజర్లన్నిటిలోనూ క్వర్క్స్ మోడ్ సజీవంగానే ఉన్నది. అయితే అది ఆనాటి రీతికి అచ్చమైన ప్రతిరూపం కాదు: నేటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ క్వర్క్స్ మోడ్‌లో కూడా సాధారణ పెట్టెల వెడల్పును ప్రమాణం ప్రకారమే లెక్కిస్తాయి. ఆనాడు 300లో ఒదిగిన పెట్టె ఈనాడు 350 అవుతుంది. పక్క వరుసకు చోటు చాలక అది కిందికి జారుతుంది.

తెలుగుకు ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సంధులు, సమాసాలు, విభక్తి ప్రత్యయాలు కలిసి తెలుగు పదం పొడవవుతుంది. ఇరుకైన వరుసలో 'పునర్వ్యవస్థీకరణచట్టానికి' వంటి పదం ఇమడదు. దానిని ఎక్కడ విరవాలో ఆనాటి బ్రౌజర్లకు తెలియదు. అటువంటప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వరుసనే వెడల్పు చేసి పక్క వరుసను కిందికి తోసేది. ప్రమాణాన్ని పాటించే బ్రౌజర్లు వరుస వెడల్పును అలాగే ఉంచి పదాన్ని గీత దాటనిచ్చేవి. అది పక్క వరుసలోని పాఠంమీదికి ఎక్కేది. ఒకే పుట, ఒకే రోజు, రెండు రూపాలు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 రావడానికి 2006 అక్టోబరు దాకా అయిదేళ్లు పట్టడంవల్ల ఆనాటి పుటలలో అనేకం ఆరవ రూపాన్నే కొలబద్దగా పెట్టుకుని తయారయ్యాయి.

4. యూనికోడు తరువాత మిగిలిన తేడాలు

యూనికోడుతో ఈ సమస్యలన్నీ తీరిపోయాయన్న అభిప్రాయం సరైనది కాదు. యూనికోడు ఇచ్చేది అక్షరాల క్రమాన్ని మాత్రమే. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే వరుసను 'క్ష్మి'గా కూర్చేది ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజరు కలిసి. విండోస్ 2000 హిందీ, తమిళాలకు తోడ్పాటు ఇచ్చింది. తెలుగుకు అది 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అప్పుడు కూడా సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని వాడుకరి విడిగా స్థాపించుకోవలసివచ్చేది. అది చేయనిచోట వత్తులు విడిపోయి పొల్లు గుర్తులతో కనిపించేవి.

ఫైర్‌ఫాక్స్ 3కు ముందటి రూపాలలో ఇంకొక వింత ఉండేది. పాఠాన్ని ఎడమవైపు సర్దితే వత్తులు సరిగానే వచ్చేవి. ఇరువైపులా సమంగా సర్దితే, పదాల మధ్య ఖాళీలు లెక్కించే క్రమంలో అక్షరాల సంధానం చెడి, 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' వలె కనిపించేది. 2008 జూన్‌లో వచ్చిన మూడవ రూపం దీనిని సరిదిద్దింది. ఆ కాలపు పుటల ముద్రిత నకళ్లు పరిశోధకుల వద్ద ఉంటే, వాటిలోని విడివత్తులను చూసి రచయిత వర్ణక్రమం గురించి ఏ నిర్ణయానికీ రాకూడదు.

వర్ణక్రమ పరిశీలనలో మరింత సూక్ష్మమైన చిక్కు శూన్యవెడల్పు విభాజకం. 'సాఫ్ట్‌వేర్' అని పొల్లు నిలిపి రాయడానికి టకు చెందిన పొల్లు తరువాత కంటికి కనిపించని ఆ సంకేతం కావాలి. లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఒక రచయిత 'సాఫ్ట్వేర్' అని రాశాడంటే అది ఆయన వర్ణక్రమాభిప్రాయమా, లేక ఆయన వాడిన సాధనంలో ఆ సంకేతాన్ని రాసే వీలు లేకపోవడమా? పాఠమాత్రం చూసి చెప్పలేము. పదాల పౌనఃపున్యాన్ని లెక్కించే ప్రోగ్రాములు ఈ రెండు రూపాలనూ వేర్వేరు పదాలుగా లెక్కిస్తాయన్నది కూడా గమనించాలి. ఈ చిన్న సంకేతం శక్తి సామాన్యమైనది కాదు: 2018 ఫిబ్రవరిలో జ్ఞ తరువాత ఈ విభాజకం, దాని తరువాత దీర్ఘం వచ్చిన ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలోని అనువర్తనాలను స్తంభింపజేసింది, యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో దానిని సవరించింది.

దంత్య చ, జలకు ప్రత్యేక సంకేతాలైన ౘ, ౙలు 2008లో యూనికోడు 5.1తో వచ్చాయి. శకటరేఫ ఱ మొదటినుంచీ ఉన్నది. ౚ మాత్రం 2015లోగాని చేరలేదు. కనుక అంతకుముందటి యూనికోడు పుటలో మామూలు 'చ' ఉన్నంతమాత్రాన రచయిత దంత్య, తాలవ్య భేదాన్ని పాటించలేదని అనలేము. అంతేకాక, ఈ అక్షరాలున్న కొత్త పుటను పాత ఫాంటున్న యంత్రంలో తెరిస్తే వాటిచోట ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి.

అక్షరమంటే ఎంతవరకు అన్న ప్రశ్న కూడా ఇటీవలిదాకా అపరిష్కృతమే. పొల్లు తరువాత వచ్చే హల్లు ముందుదానితో కలిసి ఒకే ఘటకమని తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడు నియమాలు అంగీకరించినది 2023లో, 15.1వ రూపంలో. అంతవరకు ఆ నియమాలనే నమ్ముకున్న సాధనాలు 'స్త్రీ'ని మూడు ఘటకాలుగా లెక్కించాయి. ఛందోవిశ్లేషణకు, అక్షరగణనకు ప్రోగ్రాములు వాడేవారు తమ సాధనం ఏ నియమాన్ని పాటిస్తున్నదో పరీక్షించుకోవలసిన అవసరం ఇక్కడ ఉన్నది.

5. ఆకరంగా స్వీకరించే పద్ధతి

పాత పుటను ఆకరంగా తీసుకున్నప్పుడు మొదట భద్రపరచవలసినది తెర చిత్రాన్ని కాదు, మార్పు చేయని మూలఫైలును. దానిని దించుకునేటప్పుడు బ్రౌజరులో కనిపించే పాఠాన్ని నకలు తీయకుండా, ఫైలును ఉన్నదున్నట్లుగా నిల్వచేయాలి. యూనికోడులోకి మార్చిన పాఠం దాని పక్కన ఉండవచ్చు. దాని స్థానంలో ఉండకూడదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ప్రతులలో పుట ఉన్నా ఫాంటు ఫైలు సేకరణలో చేరకపోయే అవకాశం ఉంది కనుక ఆ ఫాంటును విడిగా వెతికి పెట్టుకోవడం మంచిది. పాత ఫాంట్లతో కూర్చిన సిద్ధాంతవ్యాసాల పీడీఎఫ్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది; చూడటానికి చక్కని తెలుగు, నకలు తీస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు.

పుట అమరికను గురించి వ్యాఖ్యానించే పరిశోధకుడు ఆ పుటను కనీసం రెండు బ్రౌజర్లలో చూడాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేసింది. అయితే ఎడ్జ్ బ్రౌజరులోని ఐఈ మోడ్ పాత ట్రైడెంట్ యంత్రాన్నే ఉపయోగిస్తుంది. 2000 ప్రాంతపు పుటను ఆనాటి రూపానికి దగ్గరగా చూడటానికి సామాన్య పరిశోధకునికి అందుబాటులో ఉన్న మార్గాలలో అది ఒకటి. అదీ శాశ్వతం కాదు.

పుట చిరునామా, చూసిన తేదీ ఇచ్చి ఊరుకునే ప్రస్తుత ఆచారం ఇటువంటి పుటలకు చాలదు. 'మూలఫైలు సొంత ఫాంటు సంకేతాలలో ఉన్నది. డాక్‌టైప్ ప్రకటన లేదు. ఫలానా బ్రౌజరు ఫలానా రూపంలో చూడబడినది. ఫలానా సాధనంతో యూనికోడులోకి మార్చబడి, మూలంతో పోల్చి సరిచూడబడినది' అన్న సమాచారాన్ని పాదసూచికలో చేర్చవచ్చు. మార్పిడిలో సందేహం మిగిలిన అక్షరాలను, తాళపత్రంలో శిథిలమైన భాగాలకు చేసినట్లే, చదరపు కుండలీకరణాలలో చూపవచ్చు.