తేదీలు గుర్తులేకున్నా హంతకురాలు ఎలా దొరికింది?

ఫ్రెంచి గణితవేత్త క్లోద్ బెర్జ్ 1994లో ‘డెన్స్‌మోర్ డ్యూక్‌ను చంపిందెవరు?’ అనే అపరాధ పరిశోధన కథ రాశాడు. కోటలో బాంబు పేలి డ్యూక్ చనిపోయాడు. అంతకుముందు ఆయన మాజీ భార్యలు అక్కడికి వచ్చి వెళ్లారు. ‘నేను ఒక్కసారే వెళ్లాను’ అని ప్రతి ఒక్కరూ అంటారు. తేదీలు ఎవరికీ గుర్తులేవు. అక్కడ ఎవరెవరిని చూశారో మాత్రం గుర్తుంది. రెండోసారి వచ్చి ఆ సంగతి దాచినవారిపైనే అనుమానం.

ఇంత కొద్ది సమాచారంతో అబద్ధం ఎలా బయటపడుతుంది?

ఒక్కో మనిషికి ఒక చుక్క పెట్టండి. కలుసుకున్న ఇద్దరి మధ్య గీత గీయండి. దీన్నే గ్రాఫ్ అంటారు. అందులో క, గ, చ, జ అనే నలుగురిలో క–గ, గ–చ, చ–జ, జ–క కలుసుకున్నారనీ, క–చ, గ–జ మాత్రం కలవలేదనీ తేలిందనుకుందాం. క, చ కలవలేదంటే ఒకరు వెళ్లిపోయాకే రెండోవారు వచ్చారు. గ ఆ ఇద్దరినీ చూసింది. ఒక్కసారే వచ్చి ఉంటే, మధ్యలోని ఖాళీ కాలమంతా ఆమె కోటలోనే ఉండాలి. జ సంగతీ అంతే. మరి ఆ ఖాళీలో గ, జ ఒకరికొకరు ఎదురుపడకుండా ఎలా ఉంటారు? కాబట్టి నలుగురిలో ఒకరైనా రెండోసారి వచ్చారు.

నలుగురిలో ఎవరు?

ఈ నాలుగు చుక్కల చతురస్రం ఒక్కటే ఆ మాట చెప్పలేదు. కథలోని గ్రాఫ్‌లో ఇలాంటివి ఒకటికి మించి ఉన్నాయి. అన్నిటిలోనూ ఉన్నది ఒక్కతే. ఆమె చుక్కను తీసేస్తే మిగతావాళ్ల మాటలు చక్కగా పొసగుతాయి. పేరు కథలోనే చదువుకోండి.

ఆమె అబద్ధమాడినప్పుడు ‘కలిశాను’ అన్న మాటలను ఎందుకు నమ్మాలి?

కలయికకు రెండో మనిషి సాక్ష్యం ఉంటుంది. ఎన్నిసార్లు వచ్చిందన్నది ఎవరికి వారు చెప్పుకునే లెక్క. అబద్ధానికి చోటు అక్కడే.

కంప్యూటర్‌కు ఇది చేతనవునా?

అవును. ఒక గ్రాఫ్‌ను ఇలా ఒక్కొక్కరికి ఒక్కో కాలవ్యవధితో గీయవచ్చో లేదో చకచకా తేల్చే పద్ధతిని బూత్, ల్యూకర్ 1976లోనే ఇచ్చారు. గదుల కేటాయింపులోనూ ఎవరి సమయం ఎవరి సమయంతో కలుస్తుందన్న ఇదే లెక్క వస్తుంది.

చతురస్రం లేకపోతే అందరూ నిజం చెప్పినట్టేనా?

కాదు. మాటలు పొసిగినంత మాత్రాన నిజం కావు. అవి ఎక్కడ పొసగవో చూపడం వరకే ఈ తర్కం పని. ఆ తర్వాత బాంబు పెట్టింది ఆమేనని రుజువు చేయాల్సింది పరిశోధకుడే.