పరిగి సాక్షిగా చేవెళ్ల సంఖ్య

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ముందు మొయినాబాద్, తర్వాత చేవెళ్ల, ఇంకా పోతే పరిగి. వీటి పిన్ కోడ్లు వరుసగా 501504, 501503, 501501. మూడింటిలో చేవెళ్లది ఒక్కటే ప్రధాన సంఖ్య. ప్రధాన సంఖ్య అనగానే ఎవరితోనూ పొత్తు లేని ఒంటరి అంటుంటారు. ఆ మాట సగమే నిజం. దాని గుట్టు తెలియాలంటే ఇరుగుపొరుగునే అడగాలి. పరిగి కోడ్‌లో 501 పక్కపక్కనే రెండుసార్లు ఉంది, అంటే అది 501 × 1001. 501 అంటే 3 × 167. 1001 అంటే 7 × 11 × 13. చేవెళ్ల కోడ్ దానికంటే రెండే ఎక్కువ కనుక, ఈ ఐదింటిలో దేనితో భాగించినా 2 మిగలాల్సిందే. మొయినాబాద్ కోడ్ 768 × 653. చేవెళ్లది దానికి ఒకటి తక్కువ, కాబట్టి 653 కూడా కొట్టుడుపోయింది. చివరి అంకె 3 కావడంతో 2, 5 ముందే తప్పుకున్నాయి. 501503 వర్గమూలం 708 చిల్లర. రెండు కారణాంకాలుంటే ఒకటైనా అంతలోపే ఉండాలి గనుక, పరీక్షించాల్సిన ప్రధాన సంఖ్యలు 126. పొరుగు సాక్ష్యంతో, చివరి అంకెతో ఎనిమిది తీరాయి. మిగతా 118 మాత్రం ఓపికగా భాగించి చూడాల్సిందే. 59తో భాగిస్తే 8500 సార్లు పోయి 3 మిగులుతుంది. ఏ ఒక్కటీ నిశ్శేషంగా పోదు.

1972లో ఉత్తరాల బట్వాడా కోసం పెట్టిన కోడ్‌కు గణితంతో ఏం పని అని అడగవచ్చు. నిజమే, ఊరికీ ఈ గుణానికీ సంబంధం లేదు. ఐదు లక్షల దరిదాపుల్లో సుమారు పదమూడు సంఖ్యలకు ఒకటి ప్రధానమే, కాబట్టి ఇది వింతేమీ కాదు. అసలు అరుదైన సంగతి మరో పొరుగు సంఖ్య దగ్గరుంది. 501503లోంచి ఒకటి తీసి సగం చేస్తే 250751, అదీ ప్రధానమే! ఇలాంటి జోడీలో చిన్నదానికి ఫ్రెంచి గణితజ్ఞురాలు సోఫీ జెర్మేన్ పేరు పెట్టారు, పెద్దదాన్ని సేఫ్ ప్రైమ్ అంటారు. సందేశాలను దాచే రహస్య తాళాల లెక్కల్లో, వాడే ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ సంఖ్య చిన్న కారణాంకాల ముక్కలుగా విడిపోతే, రహస్యాన్నీ ముక్కలు ముక్కలుగా రాబట్టవచ్చు. సేఫ్ ప్రైమ్‌లో ఆ సందు ఉండదు. ఆరంకెల సంఖ్య ఏ తాళానికీ చాలదన్న అభ్యంతరం సరైనదే. అక్కడ వాడేవి వందల అంకెలవి. కానీ గుణం ఇదే.

ఈ గుణం కాగితం మీద కూడా కనిపిస్తుంది. 1ని 501503తో భాగిస్తే దశాంశాలు 501502 అంకెలకు గానీ మళ్లీ మొదటికి రావు. ఆ వరుసను సరిగ్గా సగానికి విరిచి రెండు సగాలనూ కూడితే, 1/7లో 142 + 857 = 999 అయినట్టే, 250751 తొమ్మిదులు వస్తాయి. ఇదంతా మనం పది ఆధారంగా లెక్కించడం వల్ల కదా అంటే, కొంతవరకు అవును. కానీ 2 నుంచి పరిగి కోడ్ 501501 దాకా ఏ ఆధారంలో రాసినా, ఆ వరుస పొడవు 250751 అయినా కావాలి, 501502 అయినా కావాలి.