మేత ముట్టని సముద్రపు చేప

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్లలో చేపల తొట్టెలు కొత్త కాదు. గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు వేసిన మేతనల్లా తింటాయి. ఉప్పునీటి తొట్టె సంగతి వేరు. లీటరు శుద్ధి చేసిన నీటికి దాదాపు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి, పిల్లల ముచ్చట కొద్దీ తెచ్చిన రంగుల చేప నాలుగు రోజులు నోరు తెరవకపోతే, "మొండిది, ఆకలైతే అదే తింటుంది" అని పెద్దలు సరిపెట్టుకుంటారు. అది మొండితనం కాదని మేము మనవి చేస్తున్నాము. ఎదుట పడినది ఆహారమని దానికి తెలియదు, అంతే.

మాండరిన్ చేపనే చూడండి. కోపిపాడ్‌లనే అతి చిన్న జీవులను పగలంతా రాళ్లపై ఏరుకుని తినడం దాని స్వభావం. నీటిపై తేలే రేకుల మేతను అది సాధారణంగా పట్టించుకోదు. ఆ జీవులు ఇంకా వృద్ధి చెందని కొత్త తొట్టెలో క్రమంగా చిక్కిపోతుంది. పొడవైన మూతి గల కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప రాళ్ల సందులలో వెతుక్కుంటుంది. దాని మేతను రాతి సందులోనే ఉంచాలి.

ఇటువంటి చేపలకు మొదట కదిలే ఆహారం చూపాలి. కోస్తాలోని రొయ్యల హేచరీలు వాడే ఆర్టీమియా గుడ్లే ఇందుకూ పనికివస్తాయి. ఉప్పునీటిలో వేసి, గాలి బుడగలు అందిస్తే, గోరువెచ్చని నీటిలో 24 నుండి 36 గంటలలో పిల్లలు వస్తాయి. పెంకులు తీసివేసి, మంచినీటితో కడిగి, పొదిగిన కొద్ది గంటలలోనే వేయాలి. ఆలస్యమైతే వాటిలోని పోషకం తగ్గిపోతుంది. చేప తినసాగిన తరువాత గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలను కరిగించి, కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. మేతను రోజుకు రెండు మూడుసార్లు స్వల్పంగానే వేయాలి. మిగిలినది వెంటనే తీయకపోతే కుళ్లి, అమోనియా పెరిగి, నీరే విషమవుతుంది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, స్వయంగా వెతుక్కుని తినడానికీ విడువక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి పాఠకులకు విదితమే. అద్దాల నడుమనున్న చేపకూ వెతుక్కునే దారి లేదు. దాని ఉపాధి మన చేతిలో అమానతు.

కనుక కొనక ముందే, "ఇప్పుడు దీనికి మేత వేసి చూపించండి బాబూ" అని దుకాణదారుని అడగండి. తినని చేపను, ఎంత అందమైనదైనా, ఇంటికి తేకండి. పిల్లలు పట్టుబడితే, హేచరీలో పుట్టి సిద్ధమేతకు అలవాటుపడిన క్లౌన్‌ఫిష్ జతను కొనివ్వండి. వాటికి వేళకు మేత వేసే బాధ్యతను ఆ పిల్లలకే అప్పగించండి.