మీకు తెలుసా? మన గోడకు కావలసినవి మన దగ్గరే ఉన్నాయి

దసరా సెలవులైనా, సంక్రాంతి సెలవులైనా కమ్మర్‌పల్లి, మోర్తాడ్ వైపు కొత్త ఇల్లు మొదలుపెట్టిన వాళ్ల దగ్గర ఒక్కటే ముచ్చట: ఎలివేషన్ ఎట్లుండాలె, టీవీ వెనక గోడకు ఏం వేయాలె. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు అక్కడి నుంచే వాట్సాప్‌లో డిజైన్లు పంపుతాడు. తండ్రి ఆ ఫోన్ పట్టుకెళ్లి మేస్త్రికి చూపిస్తాడు. 2010లో వచ్చిన పింటరెస్ట్‌తో పాటు ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌ల నిండా ఇండ్ల ఫొటోలే. ఒక రకం గోడను కాసేపు ఆగి చూస్తే చాలు, ఇక అన్నీ అలాంటివే వరుసకడతాయి. ఊళ్లు వేరైనా కొత్త ఇండ్లు ఒకే తీరుగా కనిపించడానికి ఇదో కారణమని నా నమ్మకం.

ఇప్పుడు ఆ ఫొటోల్లో బాగా నడుస్తున్నది లైమ్‌వాష్ గోడ. ఒకచోట ముదురుగా, ఇంకోచోట పలచగా, మబ్బు పట్టినట్టు ఉంటుంది. మీకు తెలుసా? అది పండగకు ముందు మన పెద్దలు వేసిన సున్నమే. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. గోడ మీద బిగుసుకునేది అట్లనే. క్షారగుణం ఉంటుంది కాబట్టి బూజు తొందరగా పట్టదు. అయితే పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింట్ వేసిన గోడను ఇది పట్టుకోదు, పొరలుగా రాలిపోతుంది. ఏ రంగూ వేయని ప్లాస్టరింగ్‌ను ముందు తడిపి, పలచగా రెండు మూడు చేతులు వేయించాలి. కాబట్టి లైమ్‌వాష్ కావాలనుకుంటే పుట్టీ పనికి ముందే మేస్త్రికి చెప్పండి. తర్వాత చెప్తే ఆ ఖర్చంతా వృథా.

కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. ఇంట్లో పసుపుకు కొదవ లేదు కదా అని సున్నంలో కలిపితే మాత్రం గోడ పచ్చగా రాదు, ఎర్రబారుతుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగలగానే రంగు మారుస్తుంది. పెళ్లికూతురి కాళ్ల పారాణి ఎరుపు వెనకున్న కిటుకు అదే. పైగా పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కూడా. సున్నానికి తట్టుకునేవి మట్టి రంగులు. అరుగులకు పూసే జాజునే చూడండి: దాని ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, సున్నం దాన్నేమీ చేయలేదు. తెల్లటి గోడకు కింద జానెడు జాజు పట్టీ, దాని మీద సన్నటి ముగ్గు గీత. ఇంత అందం ఏ స్టిక్కర్‌తో వస్తుంది?

ఫొటోల్లో కనిపించనిది స్లాబు పైభాగం. ఎండాకాలంలో ఇల్లు కొలిమిలా మండేది దాని వల్లే. స్లాబు మీద తెల్లటి పూత వేస్తే ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ఇక పడమటి వైపు నిలువెత్తు అద్దాలు చలిదేశాల ఇండ్లకు బాగుంటాయి గానీ, మన మే నెల ఎండకు కావు.

హాల్లో పెట్టుకునే వస్తువుల కోసం ఎక్కడెక్కడో ఆర్డర్ పెట్టేముందు నిర్మల్‌ను ఒకసారి గుర్తుచేసుకోండి. ఆర్మూర్ దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి, సోన్ దగ్గర గోదావరి దాటితే వస్తుంది. నిర్మల్ కొయ్యబొమ్మలకు, పెయింటింగులకు, ఫర్నిచర్‌కు మూడింటికీ విడివిడిగా జీఐ గుర్తింపు ఉంది. బొమ్మలు చెక్కేది పొనికి కర్రతో. చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికా అనిపిస్తుంది, చెక్కడానికి మెత్తగా లొంగుతుంది. నల్లటి నేల మీద బంగారు వన్నెతో మెరిసే ఒక్క నిర్మల్ పెయింటింగ్ సున్నం గోడ మీద వేలాడితే ఆ గోడకు ఇంకేమీ అక్కర్లేదు.

ఈసారి సెలవుల్లో ఫోన్‌లో డిజైన్లు తప్పకుండా చూడండి. కానీ మేస్త్రికి బయానా ఇచ్చేముందు ఒకరోజు నిర్మల్ వెళ్లి, ఆ చేతిపనిని కళ్లారా చూసి రండి.