ఖాతవ్యవహారమునఁ ద్ర్యంశసంస్కారము

పైనను అడుగునను ఒకే కొలతగల గుంటకు ఘనఫలము సాధించుట బాలురకును దెలిసినదే: క్షేత్రఫలమును లోఁతుచే గుణించినఁ జాలును. అంచులు వాలుగా దిగి అడుగున కుఱుచయగు గుంటయందే చిక్కు గలదు. ఇట్టిదానికిఁ బూర్వులు చెప్పిన సూత్రములను వల్లించువారు పెక్కండ్రు. ఉపపత్తి నడుగువారు తక్కువ.

భాస్కరాచార్యుఁడు లీలావతిలో (క్రీ.శ. 1150) ఇచ్చిన యుదాహరణమునే గైకొందము. ముఖమునఁ బొడవు 12 హస్తములు, వెడల్పు 10. అడుగున వానిలో సగము, అనఁగా 6, 5. లోఁతు 7 హస్తములు.

పావులూరి మల్లన తెనిఁగించిన గణితసారసంగ్రహమునకు మూలకర్తయగు మహావీరాచార్యుఁడు తొమ్మిదవ శతాబ్దిలోనే దీనికి రెండు స్థూలఫలములు చెప్పెను. కొలతలను గూడి సగము చేసి క్షేత్రఫలము గట్టి లోఁతుచే గుణించినది కర్మాంతికము: 9 × 7½ × 7 = 472½. పై యడుగు క్షేత్రఫలములను గూడి సగము చేసి గుణించినది ఔండ్రము: 75 × 7 = 525. వీని యంతరము 52½. అందు మూఁడవవంతు 17½. దానిని గర్మాంతికమునకుఁ గూర్పఁగా సూక్ష్మఫలము 490 ఘనహస్తములు. అంతకుముందు 628 లో బ్రహ్మగుప్తుఁడును ఈ సంస్కారమునే చెప్పెను.

మూఁడవవంతే యేల? గుంటను ఖండించి చూచినఁ దెలియును. అడుగు కొలతతో నిలువుగాఁ బైకి వచ్చు నడిమిభాగము 6 × 5 × 7 = 210. పొడవుదిక్కున ఇరుప్రక్కల 3 హస్తములు, వెడల్పుదిక్కున 2½ హస్తములు పైకిఁ బోనుపోను విరియును. ఆ ప్రక్కలనున్న నాలుగు ముక్కోణపు ఖండములు సమఖాతములలో సగములు గావున ఒక్కొక్కటి 52½, వెరసి 210. ఇఁక నాలుగు మూలలు మిగిలినవి. ఇవి మొన క్రిందికిఁ దిరిగిన సూచులు; ఒక్కొక్కదాని ముఖము 7½. సూచీఫలము సమఖాతములోఁ ద్ర్యంశము గావున ఒక్కొక్కటి 17½, వెరసి 70. మొత్తము 490.

తక్కిన భాగములందు రెండు స్థూలములును సత్యమునే చెప్పును. మూలలయందే తప్పును: కర్మాంతికము వానిని నాలవవంతుగాను, ఔండ్రము సగముగాను గణించును. నాలవవంతునకును సగమునకును గల యంతరము నాలవవంతు. దాని మూఁడవవంతు పండ్రెండవవంతు. నాలవవంతునకుఁ బండ్రెండవవంతు చేర్చిన మూఁడవవంతగును. సంస్కారరహస్య మింతియే.

భాస్కరుని సూత్రము వేఱువిధముగాఁ గన్పట్టును. ముఖఫలము 120, తలఫలము 30, రెండింటి కొలతలను గూడిన క్షేత్రఫలము 18 × 15 = 270; వీని మొత్తమగు 420 ని ఆఱింట భాగించి లోఁతుచే గుణించిన 490 యే. ఆ 270 నడిమి క్షేత్రఫలమగు 67½ నకు నాలుగింతలని గమనించినవారికి రెండు సూత్రము లొకటే యని తోఁచును.

ఇది పండితవినోదము మాత్రమే కాదు. త్రవ్వినవానికి ఘనహస్తముల లెక్కను గూలి యిచ్చునెడఁ గర్మాంతికముతో సరిపెట్టినచో నీ గుంటలోనే 17½ ఘనహస్తముల కష్టము వానికి నష్టమగును. ఔండ్రము పట్టినచోఁ ద్రవ్వించినవాఁడు 35 ఘనహస్తములకు వట్టికూలి యిచ్చును. కాని కర్మాంతికము నెల్లయెడలఁ దక్కువ చూడరాదు. అడుగునఁ బొడవు 12 గానే యుండి వెడల్పు మాత్రము 5 అయిన కాలువను దీసికొనుఁడు: రెండు లెక్కలును 630 నే యిచ్చును. అచట మూలసూచులు లేవు; సంస్కారమునకుఁ బనియు లేదు.