రాని పలక

వేంపల్లె నాలుగురోడ్ల కూడలికి అల్లంత దూరమున నున్న ఒక సెల్‌ఫోన్ దుకాణమునకు, గడచిన శ్రావణమాసమున ప్రతి శనివారమును, గండి వీరాంజనేయస్వామి దర్శనము చేసికొని తిరిగివచ్చుచు, నాకు తెలిసిన చీనీతోట రైతొకరు తప్పక వచ్చుచుండిరి. కుమార్తె చదువునకై మునుపు కొన్న ట్యాబ్‌ను ఆ దుకాణమున అప్పగించి, దాని వెలకు మరికొంత సొమ్ము చేర్చి, కంపెనీవారు త్వరలో విడుదల చేయుదుమన్న కొత్త మోడలుకు ఆయన అడ్వాన్సు కట్టియుండిరి.

"ఏమబ్బీ, వచ్చిండాదా?"

"యాడన్నా! కంపెనీ వాల్లే ఇంగా పంపలా. వచ్చే శనివారానికి ఖాయం."

నాలుగవ శనివారమునాడు ఆయన అడిగిన మాట వేరు. "పోనీ, మా పాతదన్నా ఇచ్చేయబ్బీ." అది అప్పటికే ఎవరికో అమ్ముడుపోయినది.

ఆ కంపెనీ పేరు ఇచట అప్రస్తుతము. ఇట్టి నిరీక్షణకు మన దేశమున లక్షలమంది ఒక్కమారుగా లోనైన సందర్భమొకటి కలదు. అది విద్యార్థులకై ప్రభుత్వము తలపెట్టిన ఆకాశ్ ట్యాబ్లెట్ కథ. 2011 అక్టోబరు 5వ తేదీన నాటి కేంద్ర మానవవనరుల శాఖామాత్యులు కపిల్ సిబల్ ఢిల్లీలో దానిని ఆవిష్కరించిరి. ఐ.ఐ.టి. రాజస్థాన్ పర్యవేక్షణలో డేటావిండ్ సంస్థ దానిని సమకూర్చగా, కూర్పుపని మన హైదరాబాదులోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్ వారికి అప్పగింపబడినది. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్ – ఇంతియే దాని సంపద. అయినను వెల సుమారు 2,250 రూపాయలని వినగానే, పలకా బలపము పట్టిన చేతులన్నియు దానికై చాచబడినవి.

విద్యార్థుల చేతికి వచ్చిన పిదప తెలిసినది, తెర వ్రేలి మాట వినుట లేదని. కారణము ఆ తెర నిర్మాణమునందే ఉన్నది. అది ఒత్తిడిచే పనిచేయు జాతి తెర: విద్యుత్తు ప్రవహించు రెండు పలుచని పొరల నడుమ వెంట్రుకవాసి సందు ఉండును; గోటితోనో, పుల్లతోనో గట్టిగా అదిమినప్పుడు పై పొర క్రిందిదానిని తాకి, తాకిన చోటేదో యంత్రమునకు తెలియును. నేడు మనమెల్లరము వాడు తెర అట్లు కాదు. గాజుపై పూసిన పారదర్శక లేపనమునందలి విద్యుదావేశము, మన వ్రేలు సోకినంతనే రవంత చలించును. ఆ చలనమే దానికి సంకేతము. మొదటిది తలుపు బాదవలసిన ఇల్లు, రెండవది వాకిట అడుగుల సవ్వడికే గడియ తీయు ఇల్లు.

కనుక మెరుగు చేయుట అవసరమైనది. యుబిస్లేట్ 7+ అను పేర, మరింత వేగముగల ప్రాసెసరుతో, 2,999 రూపాయల వెలకు కొత్తది వచ్చునని చాటగా, రెండు వారములలో 14 లక్షల బుకింగులు వచ్చినవని 2012 జనవరిలో కంపెనీయే ప్రకటించినది. బుకింగు చేయుటకు నిమిషము చాలును. చేయించి పంపుటకు చాలదు. ఐ.ఐ.టి. వారికిని కంపెనీకిని యంత్రపు ప్రమాణములపైనను, కంపెనీకిని కూర్పుదారులకును చెల్లింపులపైనను పొరపొచ్చెములు వచ్చి పత్రికలకెక్కినవి, పర్యవేక్షణ ఐ.ఐ.టి. బొంబాయికి మారినది, తుదకు 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతులమీదుగా ఆకాశ్ 2 వెలువడినది. దానికి సుతారముగా తాకిన చాలునట్టి తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 మెగాబైట్ల ర్యామ్. మొదటి ఆవిష్కరణకును దీనికిని నడుమ పదమూడు నెలలు గడచినవి.

ఇంత జాప్యమేల? మా చీనీకాయల లారీ సగము నిండినను బయలుదేరగలదు. ట్యాబ్ అట్లు కాదు. నూరు విడిభాగములలో తొంబదితొమ్మిది వచ్చి, తెరను నడపు చిన్న చిప్పొక్కటి రాకున్నచో, తొంబదితొమ్మిదియు గోదాములో కూర్చుండవలసినదే. తెర మారిన దానిని నడపు సాఫ్ట్‌వేరు మారును; ప్రాసెసరు వేగము పెరిగిన బ్యాటరీ పెరుగవలెను; బ్యాటరీ పెరిగిన పెట్టె అచ్చు మారవలెను. చిప్పులు చేయువారి వాకిట కోట్లలో కొనువారు ముందు నిలుతురు, అగ్గువకు అమ్మువారు వెనుక నిలుతురు.

రాబోవుదానిని ముందే చాటుట అమ్మువానికిని ప్రమాదమే. 1981లో ఆస్‌బోర్న్ 1 అను, చేతపట్టుకొని మోయదగిన కంప్యూటరుతో కీర్తిగన్న అమెరికా కంపెనీ, 1983లో ఇంతకన్న మేలైనది వచ్చుచున్నదని చెప్పగా, జనులు ఉన్నదానిని కొనుట మానిరనియు, ఆ సెప్టెంబరులో అది దివాలా తీసినదనియు వాడుక. దివాలా నిజము, కారణము అదొక్కటే కాదనువారును ఉన్నారు.

నాకు తోచునది వేరు. నూటికి నెలకు రెండు రూపాయలు వడ్డీ కట్టుట ఎరిగిన ఈ సీమలో, రైతు ముందుగా కట్టిన అడ్వాన్సుకు వడ్డీ లెక్కించువాడు కానరాడు. అది వాస్తవమునకు అప్పు; దాని పేరు మాత్రము బుకింగు.

కడపలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నదనియు, 5 లక్షల రూపాయల లోపు ఫిర్యాదునకు రుసుము లేదనియు ఆ చీనీతోట రైతుకు చెప్పితిని.

"రెండు తడవలు కడపకు పొయ్యొచ్చే లోపల పాపకు పరీచ్చలే అయిపోతాయి సామీ," అనుచు ఆయన చొక్కా జేబునుండి రసీదు తీసిరి. ట్యాబ్ ఇచ్చు తేదీ మూడుమార్లు కొట్టివేయబడి, మూడుమార్లు ప్రక్కన వ్రాయబడియుండెను. నాలుగవమారు వ్రాయుటకు కాగితమున చోటు మిగులలేదు.